పెట్టె మీద పేరున్నవాడే జవాబు చెప్పాలి

(రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడకూలీలు, చెరువు కూలీలు, దళిత సంఘాల కార్యకర్తలు కలిసిన సభలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. పద్నాలుగేళ్లు రొయ్యలు ఒలిచిన చేతులివి. ముందు షెడ్డులో ఒలిచాను, తర్వాత ప్లాంటులో ఒలిచాను. ఐసు నీళ్లలో చెయ్యి పెట్టి పెట్టి వేళ్ల సందులు పాసిపోయి, రాత్రి అన్నంలో కారం తగిలితే ప్రాణం పోయేది. మీలో చాలామందికి ఇది చెప్పక్కర్లేదు. చేతులు ఎత్తి చూపించమంటే సగం సభ చూపిస్తుంది.

ప్లాంటులో ఒకరోజు పెట్టెలు మోసే పని పడింది. పెట్టె మీద రంగురంగుల బొమ్మ, ఇంగ్లీషు అక్షరాలు. నా పక్కన పదో తరగతి తప్పిన పిల్ల ఒకత్తె ఉండేది. కూడబలుక్కుని చదివి, "అక్కా, ఇది ప్లాంటు పేరు కాదే, అమెరికాలో ఏదో పెద్ద దుకాణం పేరు" అంది. నాకు ఆశ్చర్యమేసింది. చెరువు తవ్వింది ఒకడు, మేత అమ్మింది ఒకడు, పట్టింది ఒకళ్లు, ఒలిచింది మనం, గడ్డ కట్టించింది ప్లాంటు. పేరు మాత్రం సముద్రం అవతలవాడిది! సరే, పేరు వాడిదైతే బాధ్యత ఎవరిది? ఆ రోజునుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇవాళ మీ ముందు పెట్టేది కూడా ఈ ఒక్క ప్రశ్నే.

ముందు ఈ నిచ్చెన చూడండి

కింద నుంచి చెప్తాను. సీడు అమ్మే హేచరీ, మేత కంపెనీ, చెరువు రైతు, ఆయన కింద చెరువు కాపలా కూలీ, సరుకు ఎత్తే ఏజెంటు, తల తీసి ఒలిచే షెడ్డు, షెడ్డుకి మనుషుల్ని తెచ్చే మేస్త్రి, ప్లాంటు, ఎగుమతిదారు, అవతల దిగుమతిదారు, ఆ పైన సూపర్‌మార్కెట్టు. ఎన్ని మెట్లో చూశారా?

ఇది చిన్న వ్యాపారం కాదు. 2023-24లో మన దేశం 7 లక్షల 16 వేల టన్నుల గడ్డకట్టించిన రొయ్య ఎగుమతి చేసింది. దాని విలువ 40 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో ఒక్క అమెరికా కొన్నదే 2 లక్షల 97 వేల టన్నులు. దేశంలో పండే రొయ్యల్లో ఎక్కువ భాగం మన ఆంధ్ర కోస్తాదే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏ ఊరి పక్కన చూసినా చెరువే.

ఇంత డబ్బు తిరిగే చోట కూలి అడిగితే ఏమంటారు? మేస్త్రిని అడిగితే షెడ్డు ఓనరు ఇవ్వలేదంటాడు. షెడ్డు ఓనరు ప్లాంటు రేటు కట్ చేసిందంటాడు. ప్లాంటువాడు, "అమెరికా బయ్యరు ఈ రేటుకే కావాలన్నాడమ్మా, లేకపోతే ఆర్డరు ఈక్వెడారుకి పోద్ది" అంటాడు. ఆ బయ్యరుని అడిగేవాళ్లు లేరు. అడిగితే, "మేం సరుకు కొన్నాం, మనుషుల్ని పెట్టుకోలేదు" అంటాడు.

ఇది మనకి తెలిసిన నిచ్చెన కాదా? కులం ఎట్లా నిలబడిందో అంబేద్కర్ చెప్పాడు. మెట్లు మెట్లుగా కట్టారు, ప్రతివాడి కిందా ఇంకొకణ్ణి పెట్టారు. ఇక్కడా అంతే. లాభం మెట్లెక్కి పైకి పోతుంది, నేరం మెట్లు దిగి కిందికొస్తుంది. అడుగున ఉండే చేతులు ఎవరివి? మాల, మాదిగ, మత్స్యకార ఆడవాళ్లవి, యానాదివాళ్లవి, ఉత్తరాంధ్ర నుంచీ ఒడిశా నుంచీ అడ్వాన్సు తీసుకుని వచ్చిన పిల్లలవి. 1938లో మన్మాడ్‌లో రైల్వే కూలీల సభలో బాబాసాహెబ్ మాట్లాడుతూ, మనకి శత్రువులు ఇద్దరు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ అని చెప్పాడు. ఆ ఇద్దరూ ఒకే గిన్నెలో తినే చోటు చూడాలంటే రొయ్యల షెడ్డుకి రండి.

నేల పోయింది, నీళ్లు పోయాయి

షెడ్డు సంగతి తర్వాత. షెడ్డు కంటే ముందు చెరువొచ్చింది. వరి చేలల్లో ఉప్పు నీళ్లు పెట్టారు. చుట్టుపక్కల చేలు చవుడు తేలాయి. నాట్లు, కలుపు, కోతలు పోయాయి. ఎకరం వరిలో ఊరంతా పని చేసేది. ఎకరం చెరువుకి ఇద్దరు కాపలా మనుషులు చాలు. మనకిచ్చిన అసైన్డ్ భూముల్ని కూడా లీజు పేరుతో చెరువుల్లో కలిపేసుకున్నారు. 1977లో వచ్చిన చట్టం అసైన్డ్ భూమిని అమ్మడాన్నే కాదు, లీజుకివ్వడాన్నీ నిషేధించింది. చట్టం కాగితం మీద ఉంది, భూమి నీళ్ల కింద ఉంది.

పేటలో చేతిపంపు కొడితే ఉప్పు నీళ్లు. డబ్బున్నవాడు క్యాను కొంటాడు. మనోళ్లు బిందె పట్టుకుని పక్కూరు పోతారు. నీళ్ల గొడవ మనకి చిన్నదా? 1927లో మహద్ చెరువు నీళ్ల కోసమే కదా బాబాసాహెబ్ జనాన్ని నడిపించింది. 1985లో కారంచేడు మారణకాండకి ముందు రోజు గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె తాగే చెరువు గట్టు మీద. నీళ్లు పాడుచేస్తారా అని అడిగినందుకే కదా సువార్తమ్మ మీదకి వచ్చారు, ఆమె బిందె ఎత్తింది. ఆనాడు నీళ్లు పాడుచేసినవాడు మన కళ్ల ముందు నిలబడ్డాడు. ఈనాడు పాడుచేసేదాంట్లో సగం వాటా ఉన్నవాడు ఏడు సముద్రాల అవతల గాజు తలుపుల వెనక ఉన్నాడు. తేడా అంతే.

ఈ చెరువుల మీద కోర్టుకి వెళ్లింది ఎవరో కుర్రాళ్లకి తెలియాలి. తంజావూరు జిల్లాలో దళితులకి భూములిప్పించడానికి జీవితమంతా తిరిగిన గాంధేయవాది జగన్నాథన్. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువుల్ని తీసెయ్యమంది. లాభం కంటే పర్యావరణానికి జరిగిన నష్టమే ఎక్కువని శాస్త్రవేత్తల నివేదిక చూసి చెప్పింది. పని పోయే కూలీలకి మామూలు పరిహారంతో పాటు ఆరేళ్ల జీతం కట్టమంది. విన్నారా, ఆరేళ్ల జీతం! మన పేటలో ఒక్కళ్లకైనా అందిందా? చేతులెత్తండి. లేదు. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ చట్టం తెచ్చి, ఆ చెరువులకి చట్టబద్ధత ఇచ్చేశారు.

ఇదంతా ఎవరి కోసం? మన పిల్లలు రొయ్య తినడం కోసమా?

పెద్ద దుకాణం ఏం చెప్తుంది?

2024 మార్చిలో అమెరికాలో మూడు చోట్ల నుంచి ఈ సంగతి బయటికొచ్చింది. అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు మన కోస్తాకి వచ్చి షెడ్లు చూశారు. ఐసులో ఒలిచే ఆడవాళ్ల చేతుల్ని ఫోటోలు తీశారు. చలికి చర్మం దెబ్బతిని, పుండ్లు పడి రొయ్యల కూలీలు రోజూ వస్తున్నారని ఇక్కడి ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల డాక్టరే చెప్పారు. కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ అప్పుల్లో ఇరికించి పని చేయించడం గురించీ, చెడిపోతున్న నీళ్ల గురించీ పెద్ద నివేదిక రాసింది. అమలాపురం దగ్గర ఒక ఎగుమతి ప్లాంటులో పనిచేసిన అమెరికా మేనేజరే లోపలి కాగితాలు బయటపెట్టాడు. ఆ కంపెనీ ఆరోపణలు ఒప్పుకోలేదు. అది వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. మనకి కావలసింది ఒకటుంది. మన చేతి సరుకు ఏ పెద్ద దుకాణాల అలమరల్లోకి పోతుందో దిగుమతి రికార్డుల్లో దొరుకుతుందని ఈ దెబ్బతో తేలింది. "మాకు తెలియదు" అనే మాట ఇక చెల్లదు.

అప్పుడు దుకాణాలు ఏమన్నాయి? మాకు నియమావళి ఉంది, తనిఖీలు చేయిస్తాం, సర్టిఫికెట్ ఉన్న ప్లాంటు దగ్గరే కొంటాం అన్నాయి.

తనిఖీ ఎట్లా జరుగుతుందో నేను చెప్తాను. ఏ ప్లాంటు అని అడగొద్దు, పేరు చెప్పను. తనిఖీ ముందు రోజే తెలుస్తుంది. గోడలకి సున్నం. కొత్త గ్లౌజులు, కొత్త టోపీలు. చిన్నపిల్లల్నీ, చేతులకి పుండ్లున్నవాళ్లనీ రావద్దంటారు. సూపర్‌వైజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి పాఠం చెప్పాడు. "ఎన్ని గంటలు అంటే ఎనిమిది అనండి. కూలి ఎంత అంటే గోడ మీద రాసింది చెప్పండి." తెల్ల కోటు దొర వచ్చాడు. సూపర్‌వైజరు పక్కన నిలబడి ఉండగానే నన్ను అడిగాడు, "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని. నేను లేవన్నాను. ఇంట్లో ముగ్గురు పిల్లలండీ, ఇంకేమంటాను! దొర కారెక్కాక గ్లౌజులు తిరిగి తీసేసుకున్నారు. ఆ తనిఖీకి ఫీజు కట్టింది ఎవరు? ప్లాంటే. దొంగ డబ్బులిచ్చి పిలిపించుకున్న పంచాయితీ దొంగ మీద తీర్పు చెప్తుందా?

షెడ్ల సంగతయితే మరీ అన్యాయం. ప్లాంటు గేటు దాకా వచ్చినవాడు ఊరి చివర రేకుల షెడ్డుకి రాడు. సర్టిఫికెట్ ప్లాంటుకి, పుండ్లు షెడ్డుకి.

తప్పంతా షెడ్డు ఓనరుదేనా? వాడిదీ ఉంది. వాణ్ణి వదలమని నేననను. చెరువు రైతుల్లోనూ మనల్ని వేధించిన పెద్ద ఆసాములున్నారు, అప్పులపాలై చెరువెండబెట్టుకున్న చిన్న రైతులూ ఉన్నారు. కానీ ధర ఎవరి చేతిలో ఉందో బాధ్యత వాడిదే ఎక్కువ. రొయ్య ఎంత సైజుండాలి, నరం తీయాలా వద్దా, తోక ఉంచాలా వద్దా, ఏ మందు వాసన ఉండకూడదు, ఏ తారీకుకి ఓడెక్కాలి, అన్నీ వాడే రాసిస్తాడు. రొయ్య నరం గురించి ఇంత పట్టింపు ఉన్నవాడికి ఒలిచే మనిషి నరాల గురించి మాత్రం అధికారం లేదా? లోపల మందు అవశేషాలు దొరికితే కంటైనరే వెనక్కి పంపిస్తారు. కూలి ఎగ్గొట్టారని ఒక్క కంటైనరు వెనక్కొచ్చిందా?

"కొనడం మానేస్తే?"

ఇక్కడే ఒక అక్క నన్ను ఆపింది, పొద్దున భోజనాల దగ్గర. "నువ్వు గోల చేస్తే వాళ్లు కొనడం మానేస్తారు. అప్పుడు నా పొయ్యి నువ్వు వెలిగిస్తావా?" అంది. మంచి ప్రశ్న. తేలిగ్గా తీసుకోవద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఆ నిర్ణయంలో మన ప్రమేయం ఏముంది? ఏమీ లేదు. ధర పడిపోతే దెబ్బ పైనుంచి కిందికి దొర్లుకుంటూ ఎవరి మీద పడుద్దో మీకు తెలుసు. అంటే మనం నోరు మూసుకుని ఉన్నా పని పోతుంది. నోరు మూసుకుంటే పని నిలుస్తుందన్నది భ్రమ.

ఇక రెండో మాట. మనం "కొనొద్దు" అనం. "కొను, కానీ షరతు మీద కొను" అంటాం. ఇది గెలవదని ఎవరన్నా అంటే అమెరికాలోనే జరిగిన కథ చెప్పండి.

ఫ్లోరిడా రాష్ట్రంలో ఇమ్మోకలీ అని ఒక ఊరుంది. టమాటా తోటల ఊరు. కూలీలంతా మెక్సికో, గ్వాటెమాలా, హైతీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. 32 పౌన్ల బకెట్, అంటే మన లెక్కలో పద్నాలుగున్నర కిలోలు, నింపి లారీకి ఎత్తితే 50 సెంట్లు. ఏళ్ల తరబడి అదే రేటు. పైగా బకెట్ అంచు దాకా నింపితే ఒప్పుకోరు, పైన గోపురంలా పొయ్యాలి. ఆ గోపురానికి కూలి లేదు. మన బేసిను గుర్తొచ్చిందా? మేస్త్రి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనే ఆ బేసినే! అక్కడ తాళాలేసి, కొట్టి పని చేయించిన కేసులు కూడా కోర్టుల్లో రుజువయ్యాయి.

ఆ కూలీలు 1993లో చర్చి గదిలో కూడి సంఘం పెట్టుకున్నారు. మొదట తోట యజమానుల మీద కొట్లాడారు. సమ్మె చేశారు, నిరాహారదీక్ష చేశారు. కొంచెం కదిలింది, పూర్తిగా కదల్లేదు. అప్పుడు కూర్చుని లెక్కేసుకున్నారు. టమాటాలు ఎవరు కొంటున్నారు? పెద్ద హోటలు కంపెనీలు, సూపర్‌మార్కెట్లు. రేటు కోసేది వాళ్లే. సరే, వాళ్ల గుమ్మం ముందే కూర్చుందాం అన్నారు. 2001లో టాకో బెల్ అనే తిండి కంపెనీ మీద బహిష్కరణ పిలుపిచ్చారు. విద్యార్థులు, చర్చిలవాళ్లు కలిశారు. నాలుగేళ్లు పట్టింది. 2005లో ఆ కంపెనీ దిగొచ్చింది. తర్వాత 2007లో మెక్‌డొనాల్డ్స్, 2008లో బర్గర్ కింగ్, 2014లో ప్రపంచంలోనే పెద్ద దుకాణమైన వాల్‌మార్ట్ ఒప్పుకున్నాయి.

ఏం ఒప్పుకున్నాయి? ఒకటి, పౌనుకి ఒక్క సెంటు అదనం, అది కూలీకి చేరాలి. లెక్కేస్తే బకెట్‌కి 50 సెంట్ల చోట 82 అవుతుంది. రెండు, కూలీలు తామే రాసిన నియమాలు తోటలో అమలు కావాలి. ఎండలో నీడ, నీళ్లు, గంటల లెక్క, ఆడవాళ్ల మీద చెయ్యి వేస్తే వేటు, గోపురం బకెట్ రద్దు. మూడు, రాత్రీ పగలూ ఎత్తే ఫిర్యాదు ఫోను. నాలుగు, అసలు కీలకం ఇదే, తోట యజమాని నియమం తప్పి సస్పెండ్ అయితే ఆ కంపెనీలు అతని దగ్గర సరుకు కొనకూడదు. ఇది దయ కాదు, సంతకం పెట్టిన ఒప్పందం.

దుకాణం తనంతట తాను రాసుకున్న నియమావళికీ, కూలీలు రాసి సంతకం పెట్టించిన నియమావళికీ తేడా ఇదే. మొదటిది గోడ మీద క్యాలెండరు. రెండోది ప్రామిసరీ నోటు.

చట్టాలూ కొన్ని వచ్చాయి. జర్మనీలో 2023 జనవరి నుంచి పెద్ద కంపెనీలు తమకి సరుకు పంపేవాళ్ల దగ్గర మనుషుల హక్కులు చూసుకోవాలని చట్టం అమల్లోకొచ్చింది. యూరప్ దేశాలన్నిటికీ కలిపి 2024లో ఒకటి చేశారు. మరుసటి ఏడే దాన్ని పలచన చేసే పని మొదలుపెట్టారు. చట్టాన్ని నమ్ముకుని పడుకోవద్దు, చట్టాన్ని పట్టుకుని లేవాలి.

మన చేతిలో ఏముంది?

మన దేశంలో 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. పాత చట్టంలో కాంట్రాక్టు కూలీలు 20 మంది ఉంటే లెక్కలోకి వచ్చేవాళ్లు. ఇప్పుడు 50 మంది ఉండాలి. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనాలంటే 10 మంది ఉంటే చాలేది, ఇప్పుడు 20. అంటే ఊరి చివర చిన్న షెడ్డు చట్టం కంటికి ఆననంత చిన్నదైపోయింది. అందుకే అంటున్నా, షెడ్డు ఎంత చిన్నదైనా దాని సరుకు చేరే దుకాణం చిన్నది కాదు. కింద చట్టం చెయ్యి జారితే పై మెట్టు పట్టుకోవాలి.

కనీస కూలి మాత్రం ఎంత చిన్న చోటైనా ఇవ్వాల్సిందే. అడ్వాన్సు పేరు చెప్పి మనిషిని కదలనివ్వకపోతే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉంది. కలెక్టరుకి అర్జీ పెట్టండి. దళితులు, గిరిజనులు వాడే నీళ్లు పనికిరాకుండా చెడగొట్టడం అట్రాసిటీ చట్టంలో నేరం.

2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటు ట్యాంకులో దిగి ఐదుగురు కూలీలు చనిపోయారు. తుందుర్రు చుట్టుపక్కల ఆడవాళ్లు ఆక్వా పార్కు వద్దని కేసులు పెట్టించుకుని మరీ కొట్లాడారు. ఆ రోజు ఆ సరుకు ఏ దుకాణానికి పోతుందో అడగాలని మనకి తోచలేదు. ఇప్పుడు తోచింది. అందుకే ఈ సభ పెద్ద దుకాణాల ముందు పెట్టాల్సిన డిమాండ్లు చెప్తాను. కలిసి అనండి.

ఒకటి: మీకు సరుకు వచ్చే ప్రతి ప్లాంటు, ప్రతి షెడ్డు, ప్రతి చెరువు పేరూ బయటపెట్టాలి.

రెండు: కనీస కూలి, సెలవు, గ్లౌజులు, ఆసుపత్రి ఖర్చు కలిపి సరుకు ధర కట్టాలి. అది గిట్టని ధర అడగడమే నేరం.

మూడు: కూలీల సంఘంతో రాతపూర్వక ఒప్పందం మీద దుకాణం సంతకం పెట్టాలి.

నాలుగు: తనిఖీ చెప్పకుండా రావాలి. యజమాని పక్కన లేకుండా, మా పేటలో, తెలుగులో, ఒడియాలో అడగాలి.

ఐదు: చెరువుల చుట్టూ పేటల్లో తాగునీళ్లు పరీక్ష చేయించి, ఫలితం పంచాయతీ గోడ మీద అంటించాలి. చెడిపోయిన చోట మంచినీళ్లు ఇచ్చే ఖర్చు పెట్టాలి.

ఆరు: తప్పు దొరికితే సరుకు మానేసి పారిపోకూడదు. ముందు ఎగ్గొట్టిన కూలి కట్టించి, తప్పు సరిదిద్దించాలి. సరిదిద్దనివాడి దగ్గరే కొనడం ఆపాలి.

ఇవి వాళ్లు విననే వినరనుకుంటే, మనం ఇవాళే మొదలుపెట్టే పని ఒకటుంది. ప్రతి షెడ్డు నుంచి చదువొచ్చిన ఒక పిల్ల ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఏ రోజు ఎన్ని గంటలు, ఎన్ని బేసిన్లు, ఎంత ఇచ్చారు, ఎంత కోశారు, ఎవరి చెయ్యి పాడైంది. సరుకు ఏ ప్లాంటుకి పోయింది, వ్యాను నెంబరు ఎంత. ప్లాంటులో ఉన్నవాళ్లు పెట్టె మీద పేరు, కోడు రాసుకోవాలి. పేటలో ఏ చేతిపంపు ఏ ఏడు ఉప్పు తిరిగిందో రాయాలి. వంద నోటు పుస్తకాలు ఒకచోట చేరితే దాని బరువు ఏ తనిఖీ సర్టిఫికెట్‌కీ ఉండదు.

నన్నాపిన ఆ అక్కకి చివరిగా ఒక మాట. నీ పొయ్యి నేను వెలిగించలేను అక్కా. ఒక్కదాన్ని ఎట్లా వెలిగిస్తాను? కానీ ఇమ్మోకలీలో టమాటా కూలీలకి మనకంటే ఏం ఎక్కువుంది? భూమి లేదు, భాష రాదు, చాలామందికి కాగితాలు కూడా లేవు. లెక్క తెలుసుకున్నారు, ఏ గుమ్మం ముందు కూర్చోవాలో తెలుసుకున్నారు. మనకి పెట్టె మీద పేరు కనిపించింది. కనిపించాక కనపడనట్టు ఉండగలమా?

నోటు పుస్తకాలు సభ బయట బల్ల మీద ఉన్నాయి. పోయేటప్పుడు షెడ్డుకొకటి తీసుకెళ్లండి. వచ్చే నెల ఖాళీ పుస్తకంతో మాత్రం రావద్దు.

జై భీమ్!